మట్టెవాడ మెంబరు

షేర్వానీ తొడుక్కున్న నేతగాణ్ని ఓరుగల్లులోని మట్టెవాడ అంతకుముందెన్నడూ చూడలేదు. చూపించింది గుండయ్య ఒక్కడే. హైదరాబాదులో సర్కారు కొత్తగా సభ పెట్టి, చేతిపనుల వాళ్లకంటూ అందులో ఒక కుర్చీ వేస్తే, చదువుకున్న వాళ్లంతా ఆ సభే ఒట్టి బూటకమని మొహం తిప్పుకున్నారు. పోటీకి నిలబడిన వాడు లేక గుండయ్య మెంబరయ్యాడు. సభకు రెండుసార్లు పోయాడు. అక్కడ మాట్లాడే ఉర్దూ సగం అర్థం కాలేదు. పక్కవాడు చెయ్యెత్తితే తనూ ఎత్తాడు. అంతే అతని రాజకీయం. తిరిగొచ్చాక మాత్రం నడక మారింది. మారదా మరి? మొన్నటిదాకా "ఓ గుండిగా" అని కేకేసిన పోలీసు అమీను, "ఆవో మెంబర్ సాబ్" అని కుర్చీ చూపిస్తుంటే ఎంతటివాడికైనా కాలు నేల మీద ఆనదు.

నలభై ఎనిమిది ఎండాకాలంలో ఆ మర్యాదే అతన్ని, పోలీసులు కాకపోయినా సర్కారు అండతో తిరిగే ఖాకీచొక్కాల వాళ్ల ముందు నడిపించింది. ఊళ్లో ఖాకీల దండు నానాటికీ పెరుగుతోంది, వాళ్లకు గుడ్డ కావాలి. మగ్గానికి ఒక తాను పైసా అడక్కుండా నేసి ఇవ్వాలని హుకుం. వాళ్ల నాయకుణ్ని అందరూ సాలారు అనేవారు. అతను గుండయ్యను పిలిపించి, పింగాణీ కప్పులో చాయ్ ఇచ్చి, "మీ మాటంటే వాడకట్టు దాటదంట గదా?" అన్నాడు. గుండయ్య చాయ్ పూర్తిగా తాగకముందే మాటిచ్చేశాడు.

"ఎంత పని సాలార్ సాబ్. నేనే ఎంబడి తిరుగుత."

మర్నాడు పొద్దున్నే తిరిగాడు కూడా. ముందు షేర్వానీ, వెనక ఖాకీలు. వాళ్లలో ఇద్దరు మట్టెవాడ పిల్లలే, తన ఇంటి ముందు గోలీలాడుకున్న వాళ్లే. కొందరు ఉన్న గుడ్డ తెచ్చి చేతిలో పెట్టారు, కొందరు వారం గడువడిగారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. గుండయ్యకు అది తన మాటకున్న విలువలాగే కనిపించింది. వెనకున్న లాఠీలు అతనికి కనిపించవు కదా, అవి అతని వీపు వైపున ఉన్నాయి.

నర్సయ్య ఇంట్లో మగ్గం ఆడుతోంది. నర్సయ్య గుండయ్యకు తమ్ముడి కొడుకు వరస, ఒకే ఇంటిపేరు. ఎర్రంచు చీర నేస్తున్నాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూచున్నవాడు కూచున్నట్టే తలెత్తి చూశాడు.

"ఏం పెద్దబాపూ, పొద్దుగాల్నే వచ్చినవ్?"

"గుడ్డ సంగతిరా. ఒక తాను. అందరిస్తాండ్రు."

"ఇస్త. నూలెవలిస్తరు?"

గుండయ్య విననట్టు గోడకేసి చూశాడు. సాలారుకు తెలుగు బాగానే వచ్చు. గడపలో నిలబడి, "నూలు నీదే," అన్నాడు.

"కంట్రోలు దుకాన్ల ఇచ్చే నూలు ఈ చీరెకే సాలదు. పిల్లల నోట్ల మన్ను గొట్టి మీ ఒంటికి అంగీ తొడుగాల్నా?" అన్నాడు నర్సయ్య. కోపంగా అనలేదు. ధర అడిగిన వాడికి ధర చెప్పినట్టు చెప్పి, పోగు మోసే నాడెను ఇటు నుంచి అటు విసిరాడు.

నాడె అటు చివరకు పోయింది. దాన్ని అందుకునే చెయ్యి మాత్రం లేదు. అప్పటికే ఒకడు జుట్టు పట్టి నర్సయ్యను గుంతలో నుంచి పైకి గుంజాడు. గుంజిన గుంజుడుకు పడుగు దారాలు పటపట తెగాయి. గడప మీంచి ఈడ్చి వాకిట్లో పడేశారు. మొదటి లాఠీ భుజం మీద పడింది, రెండోది మోచేతి మీద. నర్సయ్య చెయ్యి అడ్డం పెట్టాడు, ఆ చెయ్యి విరిగి వేలాడింది. లేవబోతే మోకాళ్ల మీద కొట్టారు. పూలమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి మొగుడి మీద పడింది. ఆమె నుదురు పగిలేలా బూటుతో తన్ని పక్కకు తోశారు. గోలీలాడుకున్న పిల్లల్లో ఒకడు, వాడి పేరు కూడా గుండయ్యకు నోటికొచ్చు, బరిసె తిరగేసి మొద్దుతో నెత్తిన మోదాడు. పచ్చి కొబ్బరికాయ పగిలిన చప్పుడయింది. ఆ తరువాత కొట్టిన దెబ్బలకు నర్సయ్య చేతులు అడ్డం పెట్టలేదు. అయినా కొట్టారు.

"జర ఆగుండ్రి," అన్నాడు గుండయ్య. అన్నాననే అనుకున్నాడు. పెదవులు కదిలాయేమో, మాట బయటికి రాలేదు. చెయ్యి మాత్రం సగం పైకి లేచి, అక్కడే ఆగిపోయింది.

సాలారు పోగుచేసిన గుడ్డల్లోంచి ఒకటి లాగి, బూటుకంటిన నెత్తురు తుడుచుకున్నాడు. తుడిచిన గుడ్డను నర్సయ్య మీదికి విసిరి, "చలో," అన్నాడు. వీధి పొడుగునా తలుపులు మూసుకున్నాయి.

అమీను మధ్యాహ్నం వచ్చాడు. శవాన్ని దవాఖానకు పంపించి, గుండయ్య అరుగు మీదే కుర్చీ వేయించుకున్నాడు. వాకిట్లో నలుగురు ఖాకీలు బీడీలు కాలుస్తూ నిలబడ్డారు. ఎదురింటి అరుగుల మీద ఆడవాళ్లు చాటలు ముందేసుకుని, చెరగడం మానేసి చూస్తున్నారు.

"మెంబర్ సాబ్, ఎట్ల సచ్చిండు?" అన్నాడు అమీను.

ఇట్లా చెప్పు అని గుండయ్యకు ఎవరూ చెప్పలేదు. బెదిరించలేదు. అదే తరవాత అతన్ని కొరుక్కుతిన్నది. నాలుక తనంతట తానే తిరిగింది.

"గుంతల పడ్డడు సాబ్. మగ్గం గుంతల. నెత్తికి దెబ్బ తాకింది."

అమీను మొహం విప్పారింది. వడదెబ్బ అని రాసుకుందామనుకుంటూ వచ్చాడతను. ఇది అంతకన్నా నయం. మగ్గం ఎట్లా ఉంటుందో అతనికేం తెలుసు? గుంత అంటే బావి లాంటిదేదో అనుకున్నాడు. "బహుత్ అచ్ఛా. మెంబరు నోటి మాట, ఇంకేం గావాలె," అని లేచాడు.

ఎదురరుగుల మీద ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వీధిలో అందరి బతుకూ ఆ గుంతలోనే. మోకాలికి కాస్త పైకి వచ్చే లోతు. పాకే పిల్లలు రోజూ అందులో పడతారు, ఏడ్చి మళ్లీ పైకి పాకుతారు.

గుండయ్య భార్య లింగమ్మ నెత్తురు చిందిన షేర్వానీ విప్పించి బకెట్లో ముంచింది. నీళ్లు ఎర్రబడ్డాయి. పారబోసి మళ్లీ ముంచింది. "అబద్ధం ఆడదలిస్తే ఇంకేదన్న ఆడకపోయినవా," అంది అతని మొహం చూడకుండా. "మన అన్నం పెట్టే గుంతనే దొరికిందా నీకు?"

మర్నాడు పొద్దున్నే కులపెద్ద వీరభద్రం వచ్చాడు. లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడే చెప్పాడు.

"నర్సిగాని మగ్గం మీద గుడ్డ మిగిలింది. రా."

అంతే అన్నాడు. అంతకన్నా అనక్కర్లేదు. మగ్గం మీద గుడ్డ ఉండగా మనిషి పోతే, ఆ గుడ్డను సగంలో కోయకూడదని ఆ వాడలో కట్టుబాటు. ఇంటిపేరులో పెద్దవాడు ఆ మగ్గం మీద కూచుని మిగిలింది నేసి దించాలి. దాన్నే పోయినవాడికి కప్పాలి. నర్సయ్యకు తండ్రి లేడు. ఇంటిపేరులో పెద్దవాడు గుండయ్యే. అతనంటే ఉమ్మేసేంత కోపమున్నా, పిలవకుండా ఉండే వీలు పూలమ్మకు లేదు. పోకుండా ఉండే వీలు గుండయ్యకూ లేదు.

పాత ధోవతి కట్టుకుని వెళ్లాడు. పూలమ్మ గోడవార రాట్నం ముందు కూచుని ఉంది. నుదుటికి గుడ్డ కట్టుకుంది, దాని కింద కన్ను వాచి మూసుకుపోయింది. ఇద్దరు పిల్లలు ఆమె వీపుకు ఆనుకుని ఉన్నారు. ఆమె తలెత్తకుండా, నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టి పక్కన పెడుతోంది. నేసేవాడికి కండెలు అందివ్వాలి కాబట్టి అందిస్తోంది.

గుండయ్య గుంతలోకి కాళ్లు దించాడు. ముందు తెగిన పోగులు అతకాలి. ఒక్కో పోగూ వెతికి, వేలికొసల మధ్య మెలిపెట్టి, ముడి వేశాడు. కొన్ని దారాలు నెత్తురంటి అట్టకట్టాయి. వాటిని ఉమ్మితో తడిపి విడదీశాడు. షేర్వానీ వేసుకున్న నాటి నుంచి మగ్గం మీద సరిగ్గా కూచోలేదేమో, వేళ్లు మొదట తడబడ్డాయి. తరువాత వాటికే గుర్తొచ్చింది. కాలి కర్ర తొక్కాడు, పడుగు విచ్చుకుంది. నాడె విసిరాడు, పోగు బిగిసేలా పలక గుంజి కొట్టాడు. నర్సయ్య నేత గట్టిది, దగ్గరదగ్గరగా ఉంది. దాని పక్కన తన నేత వదులుగా తేలిపోతుంటే, సిగ్గుతో పలక ఇంకా గట్టిగా కొట్టాడు.

ఎండ వాకిట్లోంచి గడప దాకా వచ్చింది. కండె అయిపోయినప్పుడు చెయ్యి చాచేవాడు, ఆమె ఇచ్చేది. చీర చివరకు వస్తుండగా పూలమ్మ రాట్నం ఆపింది.

"మామా."

"ఏంది బిడ్డా."

"కాళ్లు అడుక్కు తాకుతున్నయా?"

గుండయ్య కాళ్లు ఆగాయి. "తాకుతున్నయ్."

"నీకు యాడిదాంక వచ్చింది గుంత?"

గుండయ్య మోకాలి కేసి చూసుకున్నాడు. ఆమె అది చూసి, "గంతే మామా. ఇంకేం అడుగ," అని మళ్లీ రాట్నం తిప్పింది.

ఆమె ఏడ్చి, నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. గుండయ్య మిగిలిన ఆ కాస్తా ఎట్లా నేశాడో అతనికే తెలియదు.

మధ్యాహ్నానికి టాంగావాలా ఖాజా మియా బండిలో శవం వచ్చింది. ఎర్రంచు చీర కప్పారు. పాడె లేపేటప్పుడు గుండయ్య భుజం ఇవ్వబోతే వీరభద్రం అడ్డం వచ్చి, "మెంబరుకెందుకు శ్రమ," అని తనే పట్టాడు. గుండయ్య అందరికన్నా వెనక నడిచాడు.

అక్కడితో ఆ సంగతి మట్టిలో కలిసేదే. కాని ఎవరు చెప్పారో ఏమో, బెజవాడ పత్రికలో పడింది. ఓరుగల్లు నేతగాణ్ని పట్టపగలు కొట్టి చంపారని, మెంబరే సాక్షి అని. హైదరాబాదు నుంచి సంజాయిషీ అడిగారు. జిల్లాకు పెద్ద అధికారి అయిన తాలూక్దారు సుబేదారి కచేరీలో విచారణ పెట్టాడు. మెంబరు రావాలి, కులపెద్ద రావాలి, పోయినవాడి పెండ్లాం రావాలి.

ముందునాటి సాయంత్రం సాలారు స్వయంగా గుండయ్య ఇంటికొచ్చాడు. చాయ్ తాగనన్నాడు. "అదే మాట, మెంబర్ సాబ్," అన్నాడు. "మాట మారితే మీ వాడల మగ్గాలు మిగులయ్." వెళ్తూ వెళ్తూ దండెం మీద ఆరేసిన షేర్వానీని వేలితో తాకి చూసి, "మరక పోలేదు," అని నవ్వాడు.

అతను పోయాక లింగమ్మ కంచం పెట్టింది. గుండయ్య కలిపాడు, తినలేదు.

"నిజం చెప్త," అన్నాడు.

"చెప్తే నర్సయ్య లేచొస్తడా?"

"రాడు. ఆ గుంతల కూసున్నప్పటిసంది నాకు ముద్ద దిగుతలేదు లింగా."

భయం లింగమ్మకూ ఉంది, అతనికన్నా ఎక్కువే ఉంది. కాని మొగుడు ఇన్నాళ్లకు మొగుడిలా మాట్లాడాడని లోపలెక్కడో తృప్తి కూడా కలిగింది. "షేర్వానీ ఏసుకోకు," అని మాత్రం అంది.

కచేరీలో తాలూక్దారు బల్ల వెనక కూచున్నాడు. పక్కన అమీను. తలుపు దగ్గర సాలారు గోడకానుకుని ఉన్నాడు. వరండా నిండా ఖాకీలు. వాళ్లను ఎవరూ బయటికి పొమ్మనలేదు. ధోవతితో వచ్చిన మెంబరును చూసి అమీను కనుబొమలు ముడిచాడు.

"గుంతల పడ్డడన్నరట మీరు?" అన్నాడు తాలూక్దారు.

గుండయ్య వంగి తన మోకాలి పైన చెయ్యి పెట్టాడు. "ఇంత లోతు సాబ్ మా గుంత. మేకపిల్ల పడ్డా లేచొస్తది. నేను అబద్ధం చెప్పిన." వంగినవాడు నిటారుగా లేచాడు. "సాలార్ సాబ్ మనుషులు కొట్టి సంపిండ్రు. నేను పక్కనే నిలవడ్డ. వాళ్లను ఆ ఇంటికి తోల్కపోయింది నేనే."

కొట్టిన వాళ్ల పేర్లు చెప్పాడు. బరిసె తిప్పినవాడి తండ్రి పేరు కూడా చెప్పాడు. చెబుతుంటే గుండె మీంచి బండ దిగినట్టయింది. బతుకులో మొదటిసారి, చెయ్యెత్తమని ఎవరూ చెప్పకుండా మాట్లాడాడు. వీరభద్రం వైపు చూశాడు. ఇక వీళ్లంతా తన వెనక నిలుస్తారని అనుకున్నాడు. నిలవకపోవడమేం, ఇన్నాళ్లూ తన మీద పళ్లు కొరికింది ఈ మాట కోసమే కదా.

"నువ్వు చెప్పు," అన్నాడు తాలూక్దారు వీరభద్రంతో.

వీరభద్రం తుండు భుజం మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు. "నేను ఇంట్ల లేను సాబ్. గుంతల పడ్డడనే విన్న."

వెనక గోడవార కూచున్న పూలమ్మను పిలిచారు. ఆమె పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని వచ్చి నిలబడింది. నుదుటి కట్టు అట్లాగే ఉంది. ఆమె ఒకసారి తలుపు వైపు చూసింది, ఒకసారి గుండయ్య వైపు. అతన్ని మాత్రం చాలాసేపు చూసింది.

"గుంతల పడ్డడు సాబ్."

"నీ నెత్తికి దెబ్బ?"

"లేపబోయి నేను గూడ పడ్డ."

"మెంబరు వేరే చెప్తాండు గదా."

"ఆయన మాట వట్టుకోకుండ్రి సాబ్," అంది పూలమ్మ, ఒక్క అక్షరం తొట్రుపడకుండా. "నా పెనిమిటికి కప్పే గుడ్డ నేసినప్పటిసంది మామకు మతి చలించింది. ఏందేందో ఒర్లుతాండు."

వరండాలో ఎవరో నవ్వారు. అటు సాలారు, ఇటు తన వాడకట్టు, అడకత్తెరలో పోకచెక్కయ్యాడు గుండయ్య. తాలూక్దారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మతి స్థిమితం లేని మనిషి సభలో ఉండే వీల్లేదని రాయించాడు. సంతకం పెట్టాడు. మట్టెవాడ మెంబరుగిరీ అక్కడితో ముగిసింది. హైదరాబాదులో ఆ కుర్చీ ఖాళీ అయిందని గమనించిన వాళ్లు కూడా ఉండరు.

తిరుగుదారిలో అతనితో ఎవరూ నడవలేదు. మట్టెవాడ మలుపు దగ్గర ఖాకీలు ఆపారు. కత్తి దూసినవాణ్ని సాలారు చెయ్యెత్తి వారించాడు.

"పిచ్చోన్ని సంపితే పేరు రాదు," అన్నాడు. గుండయ్య దగ్గరికి వచ్చి, మర్యాదగానే అడిగాడు. "సభల ఏ చెయ్యి ఎత్తినవ్ మెంబర్ సాబ్?"

గుండయ్య తన రెండు చేతుల కేసి చూసుకున్నాడు.

"యాది లేదా? అయితే రెండూ."

టాంగాలు నిలిపే చోట నీళ్లతొట్టి ఉంది. దాని రాతిగట్టు మీద కుడి చెయ్యి పరిచి పట్టుకున్నారు. గడ్డపార మొద్దుతో కొట్టారు. వేళ్లు ఒక్కసారిగా కాదు, ఒకటొకటిగా విరిగాయి. గుండయ్య అరుపు వీధి చివరి దాకా వినిపించింది. తరువాత ఎడమ చెయ్యి. అప్పటికి అరవడానికి గొంతు లేదు. పట్టుకున్న వాళ్లలో గోలీలాడుకున్న రెండోవాడు కూడా ఉన్నాడు. వాడు మొహం పక్కకు తిప్పుకున్నాడు, పట్టు మాత్రం వదల్లేదు.

వాళ్లు పోయాక ఖాజా మియా ఒక్కడే టాంగా దిగి వచ్చాడు. తన తలగుడ్డ విప్పి రెండు ముక్కలుగా చింపి, రెండు చేతులకూ చుట్టాడు. దవాఖానకు ఎత్తుకుపోయాడు.

దవాఖానలో కట్లు కట్టి పంపించారు. వేళ్లు మళ్లీ వంగవని కాంపౌండరు లింగమ్మను పక్కకు పిలిచి చెప్పాడు, గుండయ్యకు వినిపించింది. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. లింగమ్మ తినిపించబోతే పళ్లు బిగించేవాడు. నూలు పోగు అందుకోలేని నేతగాడు దేనికి బతకాలి? వాడకట్టులో ఒక్కరూ గడప తొక్కలేదు. సాలారు తనను విరిచాడంటే అర్థముంది. పూలమ్మ ఎందుకు విరిచింది? రాత్రింబగళ్లు అదే ప్రశ్న వేసుకుంటూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. లింగమ్మ బతిమాలింది, తిట్టింది, చివరకు ఏడ్చింది.

మూడోనాడు పొద్దెక్కాక పూలమ్మ వచ్చింది. జొన్నగటకలో చల్ల పోసి తెచ్చింది. లింగమ్మ గడపకు అడ్డంగా నిలబడి, "ఇంకేం మిగిలిందని వచ్చినవ్," అంది. పూలమ్మ తల వంచుకుని ఆమెను దాటుకుని లోపలికి వచ్చి, మంచం పక్కన కింద కూచుంది.

"నోరు తెరువు మామా."

గుండయ్య గోడవైపే చూస్తున్నాడు. "పిచ్చోన్ని జేస్తివి గద బిడ్డా. నువ్వడిగిన మాటనే గద నేను చెప్పింది."

పూలమ్మ గటక మెత్తగా పిసికింది.

"ఒక్కరు చెప్తే పిచ్చోని మాట. ఇద్దరు చెప్తే కేసు," అంది. "కేసయితే సాక్షులు మిగులుతరా మామా? నువ్వు మాట్లాడుతాంటే తలుపుకాడ ఒకడు నిన్ను చూపిచ్చి మెడ మీద వేలు గీసుకున్నడు. నాకు గదే కనిపిచ్చింది. పిచ్చోడంటే ఇడిసిపెడ్తరనుకున్న." అతని చేతుల కట్ల కేసి చూసింది. "చేతులు తీస్తరని తెల్వకపాయె. నా కడుపు కాల, నాకు తెల్వకపాయె."

లింగమ్మ గడపలోనే కూలబడింది.

"ఈ రాజ్యం ఎల్లకాలం ఉండదంటాండ్రు," అంది పూలమ్మ మొహం తుడుచుకుని. "ఇంకో రాజ్యం వస్తది. ఇంకో సాబ్ ఇంకో కుర్చేసుకొని, నర్సయ్యను ఎవలు సంపిండ్రు అని అడుగుతడు. ఆనాడు నేనొక్కదాన్నే ఉంటే నాది పిచ్చిదాని మాటయితది. నువ్వుండాలె."

"నా మాట ఎవలు నమ్ముతరు బిడ్డా?"

"ఇద్దరం చెప్తం గద."

గుండయ్య మెల్లగా లేచి కూచుని ఇటు తిరిగాడు. ఆమె ముద్ద పట్టుకుని అట్లాగే కూచుంది. అతను నోరు తెరిచాడు. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. లింగమ్మ పరుగున లేచి నీళ్లు తాగించింది. గుండయ్య చేతులు చాపబోయి, కట్లు చూసుకుని మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాడు. పూలమ్మ రెండో ముద్ద కలిపింది. గిన్నెలో గటక అయిపోయేదాకా తిన్నాడు.